ఉలుకూ పలుకూ

మా ఇంట్లో రెండు పోస్టాఫీసులున్నాయి. ఒకటి హాల్లో, టీవీ స్టాండు కింద. రెండోది వెనక గదిలో, బియ్యం డ్రమ్ము పక్కన. ఇంట్లో ఉండేది మేమిద్దరం. ఇంత తక్కువ ఉత్తరాలకు ఇన్ని పోస్టాఫీసులున్న ఇల్లు రాబర్ట్‌సన్‌పేటలో మరొకటి లేదని నా నమ్మకం. ఇద్దరికి రెండెందుకని మా ఆవిడ అడిగింది. ఒకటి పోయినా రెండోది ఉంటుంది కదా అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఆ లెక్కన..." అని ఆగిపోయింది. ఆ వాక్యం ఇంతవరకూ పూర్తి కాలేదు. పూర్తి చేయమని అడిగే ధైర్యం నాకు లేదు.

పోస్టాఫీసులంటే మెయిల్ సర్వర్లే. నేను ఫ్యాక్టరీలో కంప్యూటర్ సెక్షన్లో పనిచేసి రిటైరైనవాణ్ని. కేజీఎఫ్‌లో, అంటే మా కోలారు బంగారు గనుల ఊళ్లో, రిటైరైన మగాళ్లకు తలా ఒక వ్యసనం ఉంటుంది. కొందరు పొద్దున్నే సైనైడు దిబ్బల వైపు వాకింగుకు పోతారు. కొందరు మూసేసిన గనులు మళ్లీ తెరుస్తారంటూ వచ్చే వార్తను, అది ఎన్నిసార్లు వచ్చినా, కొత్తగా చదివి వినిపిస్తారు. కొందరు రైలెక్కి బంగారుపేటలో దిగి, తెల్లనీళ్ల పానీపూరీ తిని, డాక్టరు దగ్గరికి పోయొచ్చామని ఇంట్లో చెబుతారు. నాకు సొంత మెయిలు మీద పడింది మనసు. లోకమంతా ఉచితంగా వాడుకునే మెయిలు ఉండగా సొంతానికొకటి ఎందుకంటే చెప్పలేను. చెప్పగలిగితే అది వ్యసనం ఎందుకవుతుంది?

ఇంటిపేరు మీద ఒక డొమైను కొన్నాను. ఖాతాదారులు నలుగురు. నేను, మా ఆవిడ, బెంగళూరులో ఉన్న మా అమ్మాయి, శ్రీనివాసపురంలో మామిడి మండీ నడిపే మా బావమరిది. అమ్మాయి ఆ మెయిలు ఒక్కసారీ తెరవలేదు. మా ఆవిడ తెరుస్తుంది గానీ, "ఏమీ రాలేదే" అని నా వైపు చూడటానికే తెరుస్తుంది. నిజమైన ఖాతాదారు బావమరిది ఒక్కడే. విజిటింగు కార్డు మీద ఆ అడ్రసు అచ్చు వేయించుకున్నాడు, కింద రెండు తోతాపురి కాయల బొమ్మతో. ఆ కార్డు చేతికొచ్చిన రోజు నాకు నిద్ర పట్టలేదు. అన్నం పెట్టే అడ్రసు అయిపోయిందది. ఇక అది ఆగకూడదు.

ఆగింది. మే నెలలో ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, హాల్లో పెట్టె మూగబోయింది. బావమరిది ఫోను చేసి, "బావా, మెయిలు తెరుచుకోవడం లేదే" అన్నాడు మామూలుగానే. నాకు మాత్రం వంశం పరువు పోయినట్టయింది. ఆ రాత్రే నిశ్చయించుకున్నాను: ఫెయిలోవర్ పెట్టాలి. అంటే, ఒక యంత్రం మూలపడితే రెండోది ఎవరూ చెప్పకుండానే దాని పని అందుకోవాలి. నేను నిద్రపోతున్నా సరే. ఇందులో నిద్ర అనే మాట మా ఆవిడకు బాగా నచ్చింది.

ఇలాంటి ఆలోచన మా ఊరివాడికి రాకపోతే ఇంకెవడికి వస్తుంది? 1902 జూన్ 30న శివనసముద్రం జలపాతం దగ్గర పుట్టిన కరెంటు మా గనులకు వచ్చింది. దాదాపు 92 మైళ్ల తీగ. ఆ రోజుల్లో అంత దూరం కరెంటును మోసుకెళ్లిన లైన్లు ప్రపంచంలోనే అరుదు. బెంగళూరులో వీధిదీపం వెలగడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. ఈ సంగతి బెంగళూరు చుట్టాలకు మేం ప్రతి పెళ్లిలోనూ గుర్తు చేస్తాం. వాళ్లు మాకు 2001 ఫిబ్రవరి 28 గుర్తు చేస్తారు, గనులు మూతపడిన రోజు. దాంతో చెల్లుకు చెల్లు.

ఆ శివనసముద్రానికి ఒక చిక్కు ఉండేది. ఎండాకాలంలో కావేరి సన్నబడితే కరెంటూ సన్నబడేది. నేల కింద మనుషులుండగా పైన కరెంటు సన్నబడితే ఎట్లా? 1911లో మొదలుపెట్టిన కన్నంబాడి కట్టకు, అదే కృష్ణరాజసాగరానికి, విశ్వేశ్వరయ్యగారు చూపిన కారణాల్లో సాగునీటితో పాటు మా గనుల కరెంటూ ఉంది. ఎక్కడో కోలారు జిల్లా మూలనున్న ఊళ్లో మోటార్లు ఆగకూడదని మైసూరు పక్కన నదికి అడ్డకట్ట ఆలోచించారన్నమాట. అంతటి వారసత్వాన్ని భుజాన వేసుకుని నేను బెంగళూరు పోయి రెండు పాత కంప్యూటర్లు కొనుక్కొచ్చాను.

పేర్లు కూడా గనులవే పెట్టాను. హాల్లోది ఛాంపియన్, వెనక గదిలోది నందిదుర్గ్. ఛాంపియనుకు ఒక కంపెనీ ఫైబర్ కనెక్షన్, నందిదుర్గుకు ఇంకో కంపెనీ కనెక్షన్. రోడ్డు మీద జేసీబీ ఒకరి వైరు తెంపినా ఇంకొకరిది మిగులుతుంది. మెయిలు పంపేవాళ్లకు రెండు గుమ్మాలూ చూపించి నంబర్లిచ్చాను. చిన్న నంబరున్న గుమ్మం ముందు తట్టాలి, అక్కడ పలక్కపోతే పెద్ద నంబరుది తట్టాలి. ఇది నా తెలివి కాదు, 1986 నుంచీ లోకమంతటా ఉన్న ఏర్పాటే. నా తెలివి ఆ తర్వాత మొదలైంది.

రెండు పెట్టెల్లోనూ ఒకే సరుకు ఉండాలి కదా. ఛాంపియన్‌లో ఒక అక్షరం మారితే నందిదుర్గులోనూ ఆ అక్షరం మారాలి. దానికో సాఫ్ట్‌వేర్ ఉంది. అది పనిచేయడానికి రెంటి మధ్యా నేరుగా ఒక వైరు కావాలి. వంటింటి గోడ వెంట, పోపుల డబ్బా అర కింద నుంచి లాగాను. ఒకే ముక్క సరిపోయేది, కొంటే. ఇంట్లో రెండు పాత ముక్కలుండగా కొనడమెందుకని వాటిని కలపడానికి ఒక చిన్న డబ్బా పెట్టాను. దానికి కూడా కరెంటు కావాలి. వంటింట్లో ఖాళీగా ఉన్న ఒకే ఒక్క ప్లగ్ పాయింట్లో దాన్ని గుచ్చాను. ఖాళీగా అంటే, నేను చూసినప్పుడు ఖాళీగా ఉందని.

ఆ వైరు గుండానే రెండో సంభాషణ కూడా నడుస్తుంది. దాన్ని హార్ట్‌బీట్ అంటారు. పనిలో ఉన్న యంత్రం సెకనుకోసారి "ఉన్నాను, ఉన్నాను" అంటూ ఉంటుంది. రెండోది వింటూ కూర్చుంటుంది. మామూలు లెక్క ప్రకారం మూడుసార్లు వరసగా వినపడకపోతే మొదటిది పోయినట్టు. రెండోది లేచి కుర్చీ ఎక్కుతుంది. మూడు పిలుపులకు పలకని మనిషి పోయినట్టేనని లెక్కేస్తే మా ఇంట్లో నాకు ఈపాటికి ఎన్ని మాసికాలు పెట్టి ఉండాలో మా ఆవిడే చెప్పాలి.

ఈ లెక్క మా నాన్న ఒప్పుకునేవాడు కాదు. ఆయన ఛాంపియన్ రీఫ్‌లో వైండర్ డ్రైవరు. గనిలోకి మనుషుల్ని దించే కేజ్‌ను, పైకి లాగే తాడును, ఆ తాడు చుట్టుకునే పెద్ద డ్రమ్మును నడిపే మనిషి. ఆయన కూర్చునే చోటి నుంచి కేజ్ కనపడదు. షాఫ్టు వేరేచోట, ఆయన వేరేచోట. ఎదురుగా ముల్లు తిరిగే డయలు, చెవి దగ్గర గంట. ఆ ముల్లూ ఆ గంటా చెప్పిందే ఆయనకు లోకం. కేజ్ కదులుతుండగా ఒక్క దెబ్బ మోగితే ఆపాలి. మనుషులు ఎక్కుతున్నారంటే దానికి వేరే లెక్క దెబ్బలు, దానికి జవాబు దెబ్బలు. అవతలివాడు కొట్టింది విన్నానని ఇటు నుంచి మోగితేనే మనిషి కేజ్‌లో కాలు పెట్టాలి. మరి గంట మోగకపోతే? చిన్నప్పుడు నేనడిగాను. "మోగకపోతే ఏముంది, కూర్చునుండాలి" అన్నాడు. ఎంతసేపు? "మోగేదాకా."

కరెంటు పోతే కూడా అంతే. వైండరు బ్రేకును ఎత్తిపట్టడానికి శక్తి కావాలి, వేయడానికి అక్కర్లేదు. శక్తి పోగానే బ్రేకు దానంతట అదే పడుతుంది. ఏమీ తెలియనప్పుడు ఏమీ చేయకుండా ఉండేట్టు కట్టారు ఆ యంత్రాన్ని.

డ్యూటీ దిగినా నాన్నకు ఆ అలవాటు పోలేదు. అమ్మ "చక్కెర అయిపోయింది" అంటే, "చక్కెర అయిపోయింది" అని తిరిగి అనేవాడు. అన్నాడంటే సాయంత్రానికి చక్కెర వచ్చినట్టే. తిరిగి అనకపోతే విననట్టు. అమ్మ మళ్లీ చెప్పేది. వాళ్లిద్దరి మధ్యా "నేను చెప్పాను", "నువ్వు చెప్పలేదు" అనే తగాదా నేను వినలేదు. నేను మాత్రం అన్నిటికీ "ఊఁ" అంటాను. ఊఁ కొట్టడానికీ వినడానికీ నా దగ్గర సంబంధం తెగిపోయి చాలా కాలమైంది. ఈ గుణం తర్వాత కథలోకి వస్తుంది.

అదే ఛాంపియన్ రీఫ్‌లోకి నిశ్శబ్దం కోసమే దిగినవాళ్లూ ఉన్నారు. 1960లలో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు ఆకాశం నుంచి రాలే కణాలను లెక్కపెడుతూ, ఒక్కో అంతస్తే లోతుకు దిగారు. పోనుపోను లెక్క తగ్గింది. అన్నిటికన్నా లోతున పెట్టిన పరికరంలో రెండు నెలల పాటు ఏమీ నమోదు కాలేదు. వాళ్లు దిగులుపడలేదు సరికదా, సంతోషించారు. ఇంత గమ్మునుండే చోట ఏదైనా మోగిందంటే అది న్యూట్రినో వల్లే అయ్యుంటుందని. ఒసాకా, డర్హమ్ యూనివర్సిటీలవాళ్లతో కలిసి 1965లో, రెండు కిలోమీటర్ల పైచిలుకు లోతున, వాతావరణంలో పుట్టిన న్యూట్రినో ఆనవాలు పట్టుకున్నారు. అదే ఏడాది దక్షిణాఫ్రికా బంగారు గనిలోనూ ఇంకో బృందం పట్టుకుంది. ఏమీ వినపడకపోతే మా నాన్నకు "కదలొద్దు" అని అర్థం. ఆ శాస్త్రవేత్తలకు "మంచి చోటు దొరికింది" అని. నందిదుర్గును కుర్చీ ఎక్కించడానికి నేను రాసిన స్క్రిప్టుకు మూడో అర్థం తట్టింది: వాడు చచ్చాడు, కుర్చీ నాది.

నిజానికి ఈ విద్య తెలిసినవాళ్లు ఇందుకు రెండు జాగ్రత్తలు చెబుతారు. మొదటిది, కుర్చీ ఎక్కేముందు అవతలి యంత్రానికి కరెంటు తీసెయ్యాలి. పలకనివాడు పోయాడో, ఊరికే పలకడం లేదో ఇవతలివాడికి తెలియదు. కాబట్టి పోయేట్టు చూసుకుని తర్వాత కూర్చోవాలి. దానికి దూరం నుంచి ఆర్పగలిగే ప్లగ్గు కొనాలి. నాకది కొంచెం హింసగా అనిపించింది, కొంచెం ఖర్చుగానూ అనిపించింది. ఏది ముందు అనిపించిందో ఇప్పుడు అడగొద్దు. రెండోది, మూడో ఓటు పెట్టుకోవాలి. ఇద్దరికి మాట తెగితే ఎవరు పెద్దో తేలదు. మూడోవాడు ఎవరికి వినపడితే వాళ్లది పైచేయి. ఇద్దరే ఉంటే మెజారిటీ ఉండదని ఆ పుస్తకాలు చెబుతున్నాయి. ఇన్నేళ్ల కాపురం తర్వాత నేనది నమ్మలేకపోయాను. మా ఇంట్లో ఉండేది ఇద్దరమే. మెజారిటీ ఎప్పుడూ స్పష్టంగానే ఉంది.

పరీక్షలు బ్రహ్మాండంగా జరిగాయి. మా ఆవిణ్ణి పిలిచి, కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆమె కళ్లెదుటే ఛాంపియన్ ప్లగ్గు పీకాను. నాలుగైదు సెకన్లలో నందిదుర్గ్ లేచింది. ఫోన్లో మెయిలు తెరిచి చూపించాను. "చూశావా?" అన్నాను. "ఏం చూడాల? ఏమీ రాలేదే" అందామె. ఆమెకు అర్థం కాలేదనుకున్నాను. అర్థం కానిది నాకు. నా పరీక్షలన్నిటిలోనూ చావు చాలా శుభ్రంగా ఉంది. ప్లగ్గు పీకితే పోయినట్టు, పెడితే లేచినట్టు. యంత్రాలుగానీ మనుషులుగానీ అంత మర్యాదగా పోరు. సగం పలుకుతూ సగం పలక్కుండా, ఒకరికి వినపడుతూ ఇంకొకరికి వినపడకుండా ఉంటారు. ఆ సంగతి పరీక్షించాలని తోచలేదు.

మరుసటి ఏడాది జూన్‌లో, మామిడి సీజను నడిమధ్యన, మా ఆవిడ మాగాయకు మెంతులూ ఆవాలూ వేయించి, పొడి కొట్టడానికి మిక్సీ తీసింది. వంటింట్లో ఆ ఒక్క ప్లగ్ పాయింట్లో ఏదో పిల్ల డబ్బా వేలాడుతూ ఉంది. పీకి పక్కన పెట్టింది. మిక్సీ గుచ్చింది. పొడి అయ్యాక అల్లం వెల్లుల్లి, ఆ తర్వాత మర్నాటికి చట్నీ. మిక్సీ అట్లాగే ఉండిపోయింది. నేను హాల్లో, ఛాంపియన్ పక్కనే, ఫ్యాను కింద పడుకుని ఉన్నాను. నేను నిద్రపోతున్నా పనిచేయాలనే కదా ఇదంతా పెట్టింది. చేసింది.

ఛాంపియనుకు నందిదుర్గ్ మాట వినపడటం లేదు. "పోయింది కాబోలు" అనుకుని తన పని తాను చేసుకుంటోంది. నందిదుర్గుకు ఛాంపియన్ మాట వినపడటం లేదు. "పోయాడు" అని తేల్చేసి కుర్చీ ఎక్కింది. అంతటితో ఆగితే బాగుండేది. నేను రాసిన స్క్రిప్టు ప్రకారం ఇంటి పేరుబోర్డు కూడా తన వైపు తిప్పుకుంది. అంటే మా నలుగురి ఫోన్లూ ఇప్పుడు మెయిలు చూడటానికి నందిదుర్గ్ దగ్గరికే పోతాయి. బయటి నుంచి ఉత్తరాలు పంపేవాళ్లు మాత్రం చిన్న నంబరు గుమ్మమైన ఛాంపియన్‌నే తడతారు. ఛాంపియన్ బతికే ఉంది కాబట్టి తలుపు తీస్తుంది. ఉత్తరాలు ఒక ఇంట్లో పడుతున్నాయి, చదివేవాళ్లు ఇంకో ఇంట్లో వెతుకుతున్నారు. ఒకే పోస్టాఫీసుకు ఇద్దరు పోస్టుమాస్టర్లు, ఇద్దరూ డ్యూటీలోనే ఉన్నారు.

ఆ మధ్యాహ్నం ఛాంపియనుకు రెండు మంచి ఉత్తరాలు వచ్చాయి. చిత్తూరు వైపు గుజ్జు ఫ్యాక్టరీ ఒకటి తోతాపురి లారీలు అడిగింది. ఇంకో వ్యాపారి బాదామికి ధర అడిగాడు. నందిదుర్గుకు ఏమీ రాకూడదు, రెండో గుమ్మం కదా. కానీ స్పాము పంపేవాళ్లు తిన్నగా రెండో గుమ్మానికే వస్తారు. పెరటి వైపు కాపలా తక్కువుంటుందని వాళ్లకు తెలుసు. నా దగ్గర తక్కువేమిటి, అసలు లేదు. స్పాము ఆపే ఏర్పాటంతా ఛాంపియన్‌లోనే పెట్టాను. "అటు ఎవరొస్తారులే" అనుకున్నాను. లాటరీలు, మందులు, బరువు తగ్గే పొడులు, ఆస్తి పంచుకుందాం రమ్మనే వితంతువులు, అందరూ నందిదుర్గులో దిగారు.

సాయంత్రం కాఫీ కోసం వంటింట్లోకి పోయి చూస్తే డబ్బా గోడ పక్కన పడుకుని ఉంది. గుచ్చాను. రెండు యంత్రాలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి, కలవనన్నాయి. పుస్తకాల్లో దీన్ని స్ప్లిట్ బ్రెయిన్ అంటారు. నేనే యజమాని అని ఇదీ అంటుంది, నేనే అని అదీ అంటుంది. ఇద్దరి దగ్గరా రెండోవాడి దగ్గర లేని మార్పులున్నాయి. కలపాలంటే ఒకరి మార్పులు వదులుకోవాలి. ఇక్కడ నేను ఒక నిమిషం ఆలోచించి ఉంటే, రెంటినీ ఒక పక్కకు కాపీ చేసుకుని ఉంటే, ఈ వ్యాసం రాసే పని తప్పేది. ఆలోచించక్కర్లేకుండా ఆ నిర్ణయం ఎప్పుడో చలికాలంలో, కాఫీ తాగుతూ, తీరిగ్గా రాసి పెట్టుకున్నాను: "తగాదా వస్తే ఎవరి దగ్గర మార్పులు తక్కువున్నాయో వాళ్లవి తుడిచెయ్." తక్కువ పని చేసినవాడికి తక్కువ నష్టం. రాసినప్పుడు ఎంత న్యాయంగా అనిపించిందో!

రెంటినీ కుర్చీ దింపి, కలిపాను. లెక్క క్షణాల్లో తేలింది. ఒక వైపు రెండు మామిడి ఆర్డర్లు. ఇంకో వైపు లాటరీలు, పొడులు, వితంతువుల వాన. ఛాంపియన్ ఓడింది. నందిదుర్గ్ సరుకంతా దాని మీదికి పారింది. ఇప్పుడు రెండు చోట్లా, అక్షరం పొల్లుపోకుండా, స్పాము భద్రంగా ఉంది. స్క్రీను మీద అంతా పచ్చగా కనిపించింది. సంతోషంగా కాఫీ తాగాను.

మర్నాడో ఆ మర్నాడో బావమరిది ఫోను.

"బావా, ఫ్యాక్టరీ నుంచి ఆర్డరు వచ్చుండాదా?"

"లేదే. వస్తే నీ ఫోన్లో ఉంటుంది కదా."

"నా దాంట్లో లేదు. వాళ్లేమో పంపినామంటా ఉండారు."

"అందరూ అట్లాగే అంటారు. పంపి ఉండరు."

"కాదు బావా. వాళ్ల కంప్యూటరాయన చూసి చెప్పినాడంట. ముట్టిందని మీ సర్వరే చెప్పిందంట. రెండువందల యాభై అని నంబరు కూడా చెప్పినాడు. అదేంది బావా, రెండువందల యాభై?"

నేను కుర్చీలో కూర్చున్నాను. ముందే కూర్చుని ఉన్నా, మళ్లీ కూర్చున్నాను.

250 అంటే మెయిలు భాషలో నాన్న చక్కెర. 1982లో జాన్ పోస్టెల్ రాసిన నియమాల నుంచీ ఉంది. పంపే సర్వరు ఒక్కో మాటా చెబుతుంది, పుచ్చుకునే సర్వరు ఒక్కో మాటకూ తిరిగి జవాబిస్తుంది. ఉత్తరం మొత్తం చదివి వినిపించాక చివర 250 వచ్చిందంటే ఇక బాధ్యత పుచ్చుకున్నవాడిది. పంపినవాడు తన దగ్గరున్న ప్రతి చెరిపేసుకోవచ్చు. ఆ నంబరు రాకపోతే? చెరపడు. మళ్లీ ప్రయత్నిస్తాడు. కనీసం అరగంట ఆగి ఒకసారి, ఇంకాస్త ఆగి ఇంకోసారి, అట్లా నాలుగైదు రోజుల దాకా వదలకూడదని తర్వాత వచ్చిన నియమాలు చెబుతున్నాయి. అవతల కరెంటు పోయి ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు, మనిషి పడుకుని ఉండొచ్చు. గంట మోగేదాకా కూర్చునుండాలి. ఈ నియమాలు రాసినవాళ్లలో ఎవరూ వైండరు గదిలో కూర్చుని ఉండరు. కూర్చున్నవాళ్లలాగే రాశారు.

అంటే నేను ఏమీ చేయకుండా ఉంటే ఏమయ్యేదో చూడండి. ఒకే యంత్రం. కరెంటు పోతే అది మూగబోతుంది. పంపినవాళ్లు ఆగుతారు. కరెంటు వస్తుంది. ఉత్తరాలు వస్తాయి. మధ్యలో బావమరిది ఒకసారి ఫోను చేసి, తెరుచుకోవడం లేదంటాడు. అంతే నష్టం. మెయిలన్నది మొదటి నుంచీ సర్వర్లు చస్తాయని తెలిసి కట్టిన వ్యవస్థ. చచ్చిన సర్వరును అది భరిస్తుంది. ఊఁ కొట్టి తర్వాత మరిచిపోయే సర్వరును భరించలేదు. నేను వేలు ఖర్చుపెట్టి, గోడకు బొక్క వేయించి, సరిగ్గా నాలాంటి సర్వరును తయారుచేసుకున్నాను.

మా ఆవిడకు చెప్పక తప్పలేదు. అంతా విని, "ఆ ప్లగ్గు పీకింది నేనే. మిక్సీని ఇంకేడ పెట్టమంటారు?" అంది.

"తప్పు నీది కాదులే" అన్నాను, పెద్దమనసుతో.

"నాదని నేనెప్పుడంటిని? దాని మీద ‘పీకొద్దు’ అని రాసుంటే పీకుందునా?"

రాయలేదు. ఈ ఏర్పాటు మొత్తానికి నాలుగు రంగుల్లో ఒక బొమ్మ గీసి, లామినేషన్ చేయించి వెనక గది తలుపుకు అంటించాను. ఆ గదిలోకి నేను తప్ప పోయేది బియ్యం కోసం ఆమె ఒక్కతే. వంటింట్లో మాత్రం చిన్న చీటీ కూడా లేదు.

పోయిన రెండు ఆర్డర్లలో తమదాన్ని ఫ్యాక్టరీవాళ్లు మళ్లీ పంపారు. బాదామి వ్యాపారి వేరే మండీకి పోయాడు. బావమరిది నన్ను ఒక్క మాటా అనలేదు. అక్క మొగుణ్ని ఏమంటాడు? వ్యాపారం వాట్సాప్‌కు మార్చుకుని, "మెయిలు కూడా ఉండనీ బావా, కార్డు మీద అచ్చేసినాం కదా" అన్నాడు. అయితే ఆ మిగిలిన సరుకు చదవడం మాత్రం మొదలుపెట్టాడు. ఒక రాత్రి ఫోను చేసి, "బావా, ఎవరో ఆయమ్మ, మొగుడు పోయినాడంట, బ్యాంకులో కోట్లుండాయంట. మన మెయిలుకే ఎందుకు రాసిందో! జవాబు రాస్తే పోయేదేముంది?" అన్నాడు. ఈ ఏర్పాటంతా మళ్లీ కట్టడం కన్నా ఆయన్ని ఆపడానికి ఎక్కువ కష్టపడ్డాను.

మళ్లీ కట్టడమంటే, చాలావరకు పీకడమే. ఇప్పుడు నందిదుర్గ్ తనంతట తాను కుర్చీ ఎక్కదు. రాత్రికో ప్రతి తీసి వేరే డిస్కులో దాచే పని కూడా దానికిచ్చాను. రెండు చోట్ల ఒకే సరుకు ఉంటే క్షేమమనుకున్న నాకు, తుడిచేసింది కూడా రెండు చోట్లా అంతే శ్రద్ధగా తుడుచుకుపోతుందని ఆలస్యంగా తెలిసింది. ఛాంపియన్ పలక్కపోతే నందిదుర్గ్ ఒక ఎస్సెమ్మెస్ పంపుతుంది. నా ఫోనుకు కాదు. నాది ఎప్పుడూ సైలెంటులోనే ఉంటుంది. మా ఆవిడ ఫోనుకు. ఆమె హాల్లోకి పోయి చూస్తుంది. దీపం వెలుగుతుంటే, "వెలుగుతా ఉండాది, వైరు చూసుకోండి" అంటుంది. వెలగకపోతే, నందిదుర్గును కుర్చీ ఎక్కించమంటుంది. పుస్తకాల్లో చెప్పిన మూడో ఓటు ఇదే. వేలకు వేలు పోసి కొనే సాక్షి యంత్రం కన్నా ఈ సాక్షికి చూపు బాగుంది. ప్రశ్నలు మాత్రం ఎక్కువ.

ఈ ఏర్పాటుకు అసలు పరీక్ష మొన్న జరిగింది. ముళబాగిలులో ఆమె వైపు చుట్టాల పెళ్లి. నాకు మోకాలు నొప్పని ఆమె ఒక్కతే పోయింది. మధ్యాహ్నం మా వీధిలో కరెంటు పోయింది, ఛాంపియన్ మూగబోయింది. వెనక గది యూపీఎస్ మీదున్న నందిదుర్గ్ బుద్ధిగా ఎస్సెమ్మెస్ పంపింది. ఆమె భోజనాల బంతిలో కూర్చుని దాన్ని చదివి నాకు ఫోను చేసింది. ఫోను సైలెంటులో ఉంది, నేను నిద్రలో ఉన్నాను. ఆగి మళ్లీ చేసింది. ఇంకాస్త ఆగి మూడోసారి చేసింది. తర్వాత ఆమె నా స్క్రిప్టు చేసిన పని చేయలేదు. పక్కింటి పిల్లాడికి ఫోను చేసి, పోయి చూడమంది.

తలుపు బద్దలవుతున్నంత చప్పుడుకు లేచి తీశాను. వాడు, వాడి వెనక వాళ్లమ్మ, ఆ వెనక ఎదురింటి రిటైర్డు ఫోర్‌మన్, ఇంకో ఇద్దరు. అందరి చూపూ నా ఛాతీ మీదే ఉంది. వాడి చెవి దగ్గర ఫోను.

"ఆంటీ, అంకుల్ ఇరుక్కారు" అన్నాడు వాడు అరవంలో, ఉన్నారని.

అవతలి నుంచి ఇంకేదో అడిగినట్టుంది. వాడు నన్ను కిందినుంచి పైదాకా చూసి, "పేసలై, ఆనా నిక్కిఱారు" అన్నాడు. మాట్లాడటం లేదు గానీ నిలబడే ఉన్నారని.

ఏదో ఒకటి మాట్లాడమని ఫోర్‌మనుగారు సైగ చేశాడు. "ఊఁ" అన్నాను. ఫోన్లోంచి ఆమె గొంతు అందరికీ వినపడేంత గట్టిగా వచ్చింది: "ఆ ఊఁ లెక్కలోకి రాదు. సరిగా చెప్పమను."